ట్రాక్ డేలో బైక్ పడితే: ముందు రాత్రి నుంచి మర్నాటి దాకా చేయాల్సినవి

చెన్నై శివార్లలో, శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అనే రేసు ట్రాక్‌కు ట్రాక్ డేల కోసం (మామూలు రైడర్లు డబ్బు కట్టి రేసు ట్రాక్ మీద బైక్ నడుపుకునే రోజులు) వెళ్ళే తెలుగు రైడర్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. నెల్లూరు, తిరుపతి వాళ్ళకు తెల్లవారుజామున బయలుదేరితే అందే దూరం. హైదరాబాద్ వాళ్ళు బైక్‌ను మినీ ట్రక్కులో కట్టేసుకుని రాత్రంతా ప్రయాణం చేసి వస్తారు. అక్కడికి చేరాక ఏ మలుపులో ఎక్కడ బ్రేకు వేయాలో, మోకాలు ఎప్పుడు దించాలో చెప్పేవాళ్ళు కావలసినంత మంది దొరుకుతారు. పడితే ఏం చేయాలో చెప్పేవాళ్ళే అరుదు. శుభమా అని బయలుదేరిన రోజు ఆ మాటెందుకన్నట్టు అందరూ దాటేస్తారు.

పడటం కొన్ని సెకన్ల పని. ఆ సెకన్లలో మన చేతుల్లో ఉండేది కొంచెమే. అంతకుముందు చేసుకున్న ఏర్పాట్లూ, లేచాక మొదటి గంటలో తీసుకునే నిర్ణయాలూ మాత్రం పూర్తిగా మనవే. ట్రాక్ మీద నన్ను ఎక్కువ భయపెట్టేది పడటం కాదు. పడి, లేచి, దుమ్ము దులుపుకుని, ‘నాకేం కాలేదు’ అంటూ తరువాతి సెషన్‌కు (ట్రాక్ మీద నడిపే తరువాతి విడతకు) వరుసలో నిలబడటం.

1. ఇల్లు కదలకముందే పాలసీ చదవండి

మన దేశంలో ద్విచక్ర వాహన బీమా పాలసీలలో వాహనాన్ని ఎందుకు వాడకూడదో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. వ్యవస్థీకృత రేసింగ్, వేగ పరీక్షలు అందులో ఉంటాయి. ‘ఇది రేసు కాదు, శిక్షణ’ అని మీరు వాదించవచ్చు. కంపెనీ ఒప్పుకుంటుందనే ఆశ మాత్రం పెట్టుకోకండి. ట్రాక్ మీద విరిగిన ప్రతి భాగమూ మీ జేబులోంచే వస్తుందనుకుని బయలుదేరండి. ఆ లెక్క గుండెల్లో గుబులు పుట్టిస్తే కొత్త బైక్ ఇంట్లోనే ఉంచి, అద్దెకు దొరికే శిక్షణ బైక్ తీసుకోవడం మేలు. పడితే ఎంత కట్టాలో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఆరోగ్య బీమా సంగతి కాస్త వేరు. ప్రమాదకర క్రీడల మినహాయింపుకు నియంత్రణ సంస్థ ఖరారు చేసిన ప్రామాణిక పాఠంలో ‘వృత్తిగా పాల్గొనేవారు’ అనే అర్థం వచ్చే మాట ఉంది. సరదాకు వెళ్ళేవారికి అది ఊరటే. అయినా వ్యక్తిగత ప్రమాద బీమాలు, ఆఫీసు ఇచ్చే గ్రూపు పాలసీలలో షరతులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. వారం ముందే కంపెనీకి ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

ఒంటరిగా మాత్రం వెళ్ళవద్దు. బండి నడపగలిగిన, ట్రాక్ ఎక్కని మనిషి ఒకరు వెంట ఉండాలి. మీ రక్తపు గ్రూపు, వాడుతున్న మందులు, పడని మందులు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి అనేవి వారి దగ్గర కాగితం మీద ఉండాలి. ఫోన్‌కు తాళం ఉంటుంది, కాగితానికి ఉండదు.

2. బైక్‌ను పడటానికి కూడా సిద్ధం చేయండి

అద్దాలు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు విప్పేయండి. హెడ్‌లైటు, వెనక దీపం మీద టేపు గట్టిగా అంటించండి. పగిలినా గాజు ముక్కలు ట్రాక్ మీద చెల్లాచెదురు కాకూడదు.

డబ్బు పెట్టాల్సిన చోట్లు మూడు. మొదటిది ఇంజిన్ కవర్ల రక్షణ. చాలా బైకుల్లో కుడివైపు క్లచ్ కవరు, ఎడమవైపు ఆల్టర్నేటర్ కవరు ఇంజిన్ పక్కలకు పొడుచుకొచ్చి ఉంటాయి. బైక్ పక్కకు పడి జారితే ముందు అరిగేవి అవే. కవరుకు చిల్లు పడిందంటే మీ ఇంజిన్ ఒక్కటే కాదు, ఆ నూనె మీదుగా వచ్చే పది మందీ ప్రమాదంలో పడతారు. రెండోది ఫ్రేమ్ స్లైడర్లు, అంటే పడినప్పుడు బైక్ ఒళ్ళు నేలకు రాసుకోకుండా రెండు పక్కలా బిగించే దిమ్మలు. పొట్టివి చాలు. పొడుగు స్లైడర్లు తారు మీద బాగానే పనిచేస్తాయి కానీ, గడ్డిలోనో కంకరలోనో దిగబడితే బైక్‌ను పల్టీ కొట్టిస్తాయి. మూడోది బ్రేక్ లీవర్ గార్డు. పక్క బైక్ హ్యాండిల్ మీ లీవరును తాకితే ముందు చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. దాన్ని ఆపేది ఆ గార్డే.

కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) విషయంలో నిర్వాహకుల నిబంధన తప్పకుండా అడగండి. మామూలు కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ తారు మీద పడితే మహా జారుడు, తుడిచినా తొందరగా పోదు. అందుకే చాలాచోట్ల రేడియేటర్లో డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయమంటారు. ఇంటికి తిరిగొచ్చాక మళ్ళీ కూలెంట్ పోయడం మరవకండి. ఉత్త నీళ్ళు లోపల తుప్పు పట్టిస్తాయి.

3. ఒంటి మీద ఏముండాలి

ఒకే ముక్కగా ఉన్న లెదర్ సూటు, లేదా నడుము చుట్టూ పూర్తిగా జిప్పుతో కలిసే రెండు ముక్కల సూటు. నాలుగు అంగుళాల చిన్న జిప్పుతో కలిసేది వద్దు, జారేటప్పుడు జాకెట్ పైకి లేచిపోతుంది. వెన్ను గార్డుపై యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 1621-2 ముద్ర, మోచేతులు, మోకాళ్ళ గార్డులపై ఈఎన్ 1621-1 ముద్ర ఉన్నాయో లేదో చూడండి. గ్లోవ్స్ మణికట్టు దాటి, సూటు చేతిమీదకు రావాలి.

హెల్మెట్ ఈసీఈ 22.06 ప్రమాణానికి సరిపోయే ఫుల్ ఫేస్ అయి ఉండాలి, పట్టీకి రెండు రింగులు ఉండాలి. వేసుకుని పట్టీ బిగించాక ఇంకొకరిని వెనకనుంచి హెల్మెట్ అడుగు అంచు పట్టుకుని ముందుకు దొర్లించమనండి. అది తల మీదనుంచి ఊడివస్తే ఎంత ఖరీదు పెట్టి కొన్నా అది మీ సైజు కాదు.

ఎయిర్‌బ్యాగ్ వెస్టు కొనగలిగితే కొనండి. మోటార్‌సైకిల్ రేసుల్లో అగ్రశ్రేణి ప్రపంచ పోటీ అయిన మోటోజీపీలో 2018 నుంచి అది తప్పనిసరి. ముఖ్యంగా భుజాలు, కాలర్ ఎముకలు కాపాడుతుంది, బైక్ మీదనుంచి పడినవాళ్ళకు తరచూ విరిగేది ఆ ఎముకే. తాడుతో బైక్‌కు తగిలించే రకమైతే పిట్‌లో (ట్రాక్ పక్కన బైకులు నిలిపే చోట) దిగేటప్పుడు క్లిప్పు విప్పడం అలవాటు చేసుకోండి, లేకపోతే అందరిముందూ బెలూనులా ఉబ్బి నిలబడతారు.

4. ఎప్పుడు పడతారో తెలుసుకోండి

ట్రాక్ డేలో పడేవాళ్ళ కథలు ఎక్కువగా కొన్ని సందర్భాల దగ్గరే తిరుగుతాయి. మొదటిది చల్లని టైర్లు. పైగా సవ్యదిశలో తిరిగే ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువ కనుక టైరు ఎడమ అంచు వేడెక్కడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. రెండో ల్యాపులో (ట్రాక్ చుట్టూ రెండో చుట్టులో) వచ్చే మొదటి గట్టి ఎడమ మలుపును అందుకే అనుమానంగా చూడాలి. రెండోది, మనకన్నా వేగంగా వెళ్ళేవాడి వెనకపడి, వాడు బ్రేకు వేసిన చోటే మనమూ వేయబోవడం. మూడోది, మలుపు మధ్యలో భయపడి ముందు బ్రేకు పట్టేయడం. నాలుగోది, బైక్ ఇంకా వాలి ఉండగానే థ్రాటిల్ గబుక్కున తిప్పడం.

వీటన్నిటికీ తోడు మధ్యాహ్నం భోజనం తరువాతి సెషన్లు. చెన్నై ఎండలో, లెదర్ సూటులో ఒళ్ళు ఎంత నీరు కోల్పోతుందో మనకు తెలియదు. తలనొప్పి మొదలైందంటే అప్పటికే ఆలస్యమైంది. సెషన్‌కు సెషన్‌కు మధ్య సూటు నడుము దాకా దించి, నీడలో కూర్చుని, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ళు తాగండి. ఆఖరి సెషన్ వదిలేసి సామాను సర్దుకునేవాడిని చూసి నవ్వకండి.

5. పడుతున్నప్పుడు

టైరు పట్టు తప్పి బైక్ వాలిన వైపే కూలిపోవడం లోసైడ్. అప్పటికే మీరు నేలకు దగ్గరగా ఉంటారు కనుక సాధారణంగా జారుకుంటూ పోతారు. హైసైడ్ ప్రాణాంతకం కావచ్చు. జారుతున్న వెనక చక్రానికి ఒక్కసారిగా పట్టు దొరికి, బైక్ ఎదురువైపుకు విసురుగా లేచి మిమ్మల్ని గాల్లోకి విసురుతుంది. వెనక చక్రం జారగానే భయంతో థ్రాటిల్ పూర్తిగా మూసేయడం దానికి పెద్ద కారణం. నేర్చుకునే దశలో ఉన్నవారికి, ఆ రెంటిలో ఒకటి తప్పదంటే లోసైడే నయం.

బైక్ పోయిందని తెలిసిన క్షణంలో దాన్ని వదిలేయండి. ఇందుకు ఎవరికైనా చెప్పదగ్గ ఉదాహరణ ఒకటుంది. 2011 అక్టోబరు 23న మలేసియాలోని సెపాంగ్‌లో మోటోజీపీ రేసర్ మార్కో సిమోన్చెల్లి రేసు రెండో ల్యాపులో ముందు చక్రం పట్టు కోల్పోయాడు. మామూలుగా అయితే బైక్, మనిషి ట్రాక్ బయటికి జారిపోవాలి. ఆయన బైక్‌ను వదలలేదు. టైరుకు మళ్ళీ పట్టు దొరికి బైక్ ఆయనతో సహా ట్రాక్‌కు అడ్డంగా లోపలికి తిరిగింది. వెనక వస్తున్న ఇద్దరు రైడర్లకు తప్పించే వ్యవధి లేకపోయింది. ఆయన చనిపోయాడు. ట్రాక్ మీద ప్రాణాలు తీసేది చాలాసార్లు తారు కాదు, వెనక నుంచి వచ్చే బైక్.

వదిలేశాక తారు మీద జారుతుంటే వీపు మీదో, పక్కకో ఒళ్ళు పరుచుకుని ఉండండి. అరచేతులు నేలకు ఆనించవద్దు, మడమలు తన్నిపెట్టవద్దు. ఆపుకుందామని చెయ్యి పెడితే మణికట్టు విరుగుతుంది, మడమ దిగబడితే పల్టీలు మొదలవుతాయి. ఒకవేళ దొర్లడం మొదలైతే చేతులు ఛాతీ మీదకు, గడ్డం లోపలికి లాక్కుని ఒళ్ళు వదులుగా ఉంచండి.

ఆగిపోయానని అనిపించినా లేవకండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పడ్డారనుకుందాం. సూటుకూ తారుకూ మధ్య ఘర్షణ గుణకం 0.65గా తీసుకుంటే సుమారు 60 మీటర్లు జారతారు, అందుకు నాలుగు సెకన్లకు పైగా పడుతుంది. ఆగడానికి ఒక సెకను ముందు వేగం ఇంకా గంటకు 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. కళ్ళు మాత్రం అప్పటిదాకా చూసిన వేగంతో పోల్చి అది ఆగిపోవడమే అంటాయి. అప్పుడు లేచి నిలబడబోయినవాడు మళ్ళీ మొహం మీద పడతాడు. కదలడం లేదని నేలను చూసి రూఢి చేసుకుని, ఇంకో క్షణం ఆగండి.

6. ఆగిన తరువాతి మొదటి నిమిషం

ముందు తల తిప్పి, బైకులు వచ్చే దిక్కు చూడండి. మీ బైక్ ఎక్కడుందన్నది తరువాతి సంగతి. కాళ్ళూ చేతులూ కదులుతుంటే, మెడలో వెన్నులో నొప్పి లేకుంటే, దగ్గరి అంచువైపు నడిచి అడ్డుగోడ వెనక్కు చేరండి. బైక్ ట్రాక్ అవతలివైపు ఉందని అడ్డంగా దాటడం ఆత్మహత్యతో సమానం. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే బైక్ ఒక్క సెకనులో 33 మీటర్లు దాటుతుంది.

చేరాక మార్షల్‌కు (జెండాలతో ట్రాక్ భద్రత చూసే మనిషికి) చెయ్యెత్తి చూపండి. ఆయన చెప్పినదే ఆ చోట చట్టం. బైక్ ఎత్తడానికి, ఇంజిన్ ఆపడానికి వాళ్ళకు పద్ధతి ఉంటుంది. పడితే ఇంజిన్ ఆపేసే సెన్సరు ఇప్పటి బైకుల్లో చాలావాటికి ఉంది. అది లేని బైక్‌లో ఇంజిన్ నడుస్తూ పక్కకు పడి ఉంటే పంపుకు నూనె అందక లోపల బేరింగులు పాడవుతాయి. మీ బైక్ ఏ రకమో ముందే తెలుసుకుని మార్షల్‌కు అరిచి చెప్పండి.

లేవలేకపోతే కదలకుండా ఉండటమే మీ పని. పసుపు జెండాలు ఊగుతాయి, అవసరమైతే ఎర్ర జెండాతో సెషన్ ఆపేస్తారు. హెల్మెట్ మీరు తీయకండి, పరుగున వచ్చే స్నేహితుడినీ తీయనివ్వకండి. ఒకరు మెడను కదలకుండా పట్టుకుని, ఇంకొకరు తీయాల్సిన పని అది.

ఇతరులు పడినప్పుడు మీ వంతు: పసుపు జెండా కనిపిస్తే వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా కనిపిస్తే చెయ్యెత్తి వెనకవాళ్ళకు తెలియజేసి నెమ్మదిగా పిట్‌కు వెళ్ళాలి. పడినవాడిని చూడటానికి ట్రాక్ మీద ఆగకూడదు.

7. వైద్యుడి దగ్గరికి, ఏమీ కాలేదనిపించినా

పడిన వెంటనే ఒంట్లో ఎగసే అడ్రినలిన్ నొప్పిని కప్పేస్తుంది. కాలర్ ఎముక విరిగినవాళ్ళు కూడా బైక్ తోసుకుంటూ పిట్‌కు రావడం ఉంది. కాబట్టి ట్రాక్ దగ్గర ఉన్న వైద్యుడిని కలవకుండా పిట్‌లో కూర్చోవద్దు.

వెంట వచ్చిన మనిషి మిమ్మల్ని మామూలు ప్రశ్నలు అడగాలి. ఇది ఎన్నో సెషన్? ఏ మలుపులో పడ్డావు? పొద్దున ఏం తిన్నాం? తడబడితే, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగితే, తలకు దెబ్బ తగిలినట్టే లెక్క. ఆ రోజుకు బైక్ తాళం ఆ మనిషి జేబులోకి వెళ్ళాలి. తరువాతి 24 నుంచి 48 గంటలు ఒంటరిగా ఉండకూడదు. పదేపదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా సరిగా లేవని మత్తు, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదవడం, ముక్కు చెవుల నుంచి పలచని నీళ్ళలాంటి ద్రవం కారడం: వీటిలో ఏది కనిపించినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి. 108 సేవ 2005లో హైదరాబాద్‌లోనే మొదలైంది, తమిళనాడులో కూడా అంబులెన్సుకు అదే నంబరు.

తలకు కాని దెబ్బల్లో రెండు మోసం చేస్తాయి. బొటనవేలు పైకి చాపినప్పుడు దాని మొదట్లో, మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. మొదటి రోజు ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు. కట్టు కట్టించుకుని 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ చూపించుకోవాలి. బెణుకనుకుని వదిలేస్తే ఎముక అతుక్కోక మణికట్టు శాశ్వతంగా దెబ్బతింటుంది. రెండోది ఎడమ పక్కటెముకల దెబ్బ. దాని వెనక ప్లీహం ఉంటుంది. గంటల తరువాత, ఒక్కోసారి రోజుల తరువాత కూడా లోపల రక్తస్రావం కావచ్చు. కడుపు బిగుసుకోవడం, కళ్ళు తిరగడం, ఏ దెబ్బా తగలని ఎడమ భుజం చివర నొప్పి దాని గుర్తులు. మూత్రంలో రక్తం కనిపించినా అంతే తీవ్రంగా తీసుకోండి.

చర్మం గీరుకుపోతే శుభ్రమైన నీటితో ఇసుక రేణువులన్నీ పోయేదాకా కడిగించుకోండి. మంట భరించలేక మధ్యలో ఆపితే రేణువులు లోపలే ఉండి చర్మానికి నల్లమచ్చలు మిగులుతాయి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో వైద్యుడికి చెప్పండి. నొప్పికి ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు, అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది.

8. బైక్ పరీక్ష: పైనుంచి కిందికి, ఓపికగా

పిట్‌కు తెచ్చాక కొన్ని నిమిషాలు స్టాండు మీద నిటారుగా ఉంచండి. పక్కకు పారిన నూనె కిందికి దిగాలి. ఎయిర్ బాక్సులోకి నూనె వెళ్ళిందేమో చూడకుండా స్టార్టు చేయకండి.

మొదట థ్రాటిల్. ఇంజిన్ ఆపి ఉండగా, హ్యాండిల్ సూటిగా పెట్టి తిప్పి వదలండి. టక్కున వెనక్కు రావాలి. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, ఆపైన పూర్తిగా కుడికి తిప్పి అలాగే చూడండి. హ్యాండిల్ చివర నేలకు రాసుకున్నప్పుడు గ్రిప్పులోకి ఇసుక దూరి థ్రాటిల్ సగంలో ఇరుక్కుపోవడం చాలా మామూలు, పైకి మాత్రం ఏమీ కనిపించదు. గ్రిప్పు చివర గొట్టం అంచు లోపలికి ఒత్తుకుపోయి ఉందేమో వేలితో తడిమి చూడండి. మిగతావన్నీ బాగున్నా ఈ ఒక్కటి బాగోలేకపోతే బైక్ కదలడానికి వీల్లేదు.

తరువాత ఫోర్కులు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు. ముందు నిలబడి చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిల్ చూడండి. చక్రం సూటిగా ఉండి హ్యాండిల్ పక్కకు చూస్తుంటే, ఫోర్కులు ట్రిపుల్ క్లాంపుల్లో (వాటిని పైన బిగించి ఉంచే పట్టీల్లో) మెలిపడి ఉండవచ్చు. యాక్సిల్, కింది క్లాంపు బోల్టులు వదులుచేసి, సరిచేసి, కంపెనీ చెప్పిన టార్కుతో బిగిస్తే అది పోతుంది. గొట్టమే వంగితే పోదు. వంగిన గొట్టాన్ని సాపు చేసి ఇచ్చే మెకానిక్కులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అలా సాపు చేసినదానితో ట్రాక్ ఎక్కకండి.

బ్రేకు లీవరు నాలుగైదుసార్లు నొక్కండి, మెత్తగా దిగిపోతే గాలి చేరినట్టు. గొట్టాలు ఎక్కడైనా నలిగాయా, డిస్కు వంకర తిరుగుతోందా, కాలిపర్లో రాయి ఇరుక్కుందా చూడాలి. ఇంజిన్ కవర్లను గుడ్డతో పొడిగా తుడిచి పది నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. వెంట్రుకవాసి పగులు ఉంటే సన్నని తడి గీతలా అప్పుడు బయటపడుతుంది. రేడియేటరు, చక్రాల అంచులు, గొలుసు వరుస, వెనక బ్రేకు పెడలు, గేరు లీవరు కూడా వదలకండి. ఫెయిరింగు (బైక్ పైతొడుగు) కింది తొట్టిలో కంకర ఉంటే ఏరేయాలి, లేకపోతే తరువాతి మలుపులో మీ టైరు కిందే పడుతుంది.

9. ఆ రోజు మళ్ళీ ఎక్కవచ్చా?

నా జవాబు వద్దనే. పిట్ లేన్‌లో నెమ్మదిగా పడ్డవాళ్ళ మాట వేరు. తలకు ఏమాత్రం తగిలినా ఈ ప్రశ్నే లేదు, హెల్మెట్ ఆ రోజుకు కాదు, శాశ్వతంగా పనికిరాదు. లోపలి ఫోమ్ ఒక్కసారి అణిగితే మళ్ళీ లేవదు, పైన ఉన్న డొప్ప మాత్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది.

డబ్బు కట్టాం, ఇంకా మూడు సెషన్లున్నాయి అనిపించినప్పుడు మోటోజీపీ ఛాంపియన్ మార్క్ మార్కెజ్‌ను తలుచుకోండి. 2020 జులై 19న స్పెయిన్‌లోని హెరెజ్‌లో పడి కుడి చేతి పైఎముక విరగ్గొట్టుకున్నాడు. శస్త్రచికిత్స జరిగిన నాలుగో రోజున మళ్ళీ బైక్ ఎక్కాడు. ఎముకకు వేసిన ప్లేటు తరువాత దెబ్బతింది. ఆ చేతికి 2022 నాటికి మొత్తం నాలుగు శస్త్రచికిత్సలయ్యాయి. ప్రపంచంలో మేటి వైద్యులు, ఫిజియోలు చుట్టూ ఉన్న మనిషికే అలా జరిగింది.

పడిన బైక్ మీద ఇంటికి కూడా బయలుదేరవద్దు. అద్దాలు లేవు, దీపాలకు టేపు ఉంది, మీ మణికట్టు సంగతి ఇంకా తేలలేదు. మినీ ట్రక్కు మాట్లాడుకోండి. బెల్టులు ట్రిపుల్ క్లాంపుకు వేసి కట్టండి, దెబ్బతిన్న హ్యాండిల్‌కు కాదు. ట్యాంకు కారుతుంటే పెట్రోలు పూర్తిగా తీసేశాకే ఎక్కించండి.

10. మళ్ళీ వెళ్ళేముందు

గాయం మానాక, బైక్ బాగయ్యాక, ఎందుకు పడ్డారో కారణం కాగితం మీద రాసి మీ శిక్షకుడికి చూపండి. ‘టైరు మోసం చేసింది’ అన్నది కారణం కాదు. ఏ గేరులో ఉన్నారు, చెయ్యి ఏం చేస్తోంది, కళ్ళు ఎక్కడ ఉన్నాయి అన్నవి రాయాలి. వీడియో ఉంటే పడిన క్షణం చూడకండి, దానికి మూడు సెకన్ల ముందు నుంచి చూడండి. తప్పు ఎక్కువగా అక్కడే ఉంటుంది.

సూటు కుట్లు విడిపోయిన చోట మామూలు దర్జీ దారంతో కుట్టించవద్దు, లెదర్ సూట్లు బాగుచేసేవారికే ఇవ్వండి. తెరుచుకున్న ఎయిర్‌బ్యాగుకు కొత్త సిలిండరు వేయించి, తయారీదారు చెప్పిన పరీక్షలు చేయించండి. తరువాతి ట్రాక్ డేకి ఇంతకుముందు ఉన్న గ్రూపుకన్నా ఒక మెట్టు కింది గ్రూపులో పేరు ఇవ్వండి. పడిన మలుపు దగ్గర మొదటి సెషనంతా బ్రేకు గుర్తును వెనక్కు జరుపుకుని, ఒళ్ళు బిగుసుకోకుండా ఆ మలుపు దాటగలిగాకే దాన్ని ముందుకు తీసుకురండి.